భద్రాచారి కుళ్ళు మస్కట్ దాకా

మా అమ్మమ్మ సుందరమ్మకి మొగుడూ వడ్రంగే, తమ్ముడూ వడ్రంగే. మొగుడు వీరభద్రాచారి, ఆయనే మా తాత. తమ్ముడు అప్పలస్వామి. తమ్ముడికి పని నేర్పింది మొగుడు. విడివిడిగా చూస్తే ఇందులో ఏ తప్పూ లేదు. ఇద్దర్నీ ఒకే అరుగు మీద కూర్చోబెడితే మాత్రం అమ్మమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఆ రోజుల్లో మలికిపురం చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టినా గుమ్మం భద్రాచారి చేత పెట్టించుకోవాలని చూసేవారు. ఆయన చేసిన తలుపు వేస్తే చప్పుడు కాదు, తీస్తే కిర్రుమనదు. వానాకాలం ఉబ్బదు, ఎండాకాలం సందు విడవదు. ఇవన్నీ ఊళ్ళోవాళ్ళు అన్న మాటలని తాత చెప్పేవాడు. ఊళ్ళోవాళ్ళు ఎన్నిసార్లు అన్నారో తెలియదు గాని, తాత మాత్రం రోజూ అనేవాడు. ఇనుప మేకంటే ఆయనకి అసహ్యం. ఒక చెక్కకి బెజ్జం కొట్టి, రెండో చెక్కకి నాలుక తీసి, ఆ నాలుకని బెజ్జంలో దిగేసి, అడ్డంగా వెదురు చీల బిగిస్తే అదీ పని. మేకు కొట్టడానికి వడ్రంగి దేనికి, సుత్తి ఉన్నవాడెవడైనా చాలు అనేవాడు.

అప్పలస్వామి చెయ్యి అంత నాజూకైనది కాదు. అతను తీసిన నాలుక ఒకసారి వదులైతే ఇంకోసారి బిగుసుకుపోయేది. తాత ఉలి పిడితో వేళ్ళ మీద ఒకటి తగిలించి మళ్ళీ చెక్కించేవాడు. ఆయ్ బావగారూ, ఆయ్ బావగారూ అంటూ అతను మళ్ళీ చెక్కేవాడు. ఊళ్ళో పని దొరకని నెలల్లో అమలాపురం వెళ్ళి సెంట్రింగు పని చేసి వచ్చేవాడు. సిమెంటు పోసే ముందు చెక్కలతో అచ్చు కట్టడం, సిమెంటు గట్టిపడ్డాక ఆ చెక్కలు ఊడపీకడం, అంతే ఆ పని. తాతకి దాని పేరు చెబితేనే ఒళ్ళు మండేది. పెట్టడానికి నేర్పిన చేత్తో పీకడమేంట్రా అని తిట్టి, ఓ వారం పాటు బావమరిదితో మాట్లాడేవాడు కాదు.

తొంభైమూడులో మా ఊరి తాపీమేస్త్రి సీమోను మస్కట్ నుంచి సెలవుకి వచ్చాడు. నల్లకళ్ళద్దాలతో వచ్చాడు, నడకలో ఒక రకం నిదానంతో వచ్చాడు. కొబ్బరి వ్యాపారులు కూడా లేచి కుర్చీ వేశారు. తాత అది చూశాడు. తాపీ పట్టుకున్నవాడికే ఇంత మర్యాద అయితే ఉలి పట్టుకున్నవాడికి ఎంత ఉండాలి అని లెక్క కట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే రాజోలు ఏజంటు ఒకడు మస్కట్ కంపెనీకి వడ్రంగులు కావాలని కబురు పెట్టాడు. తాత బయలుదేరాడు. తోడుగా ఉంటాడు, సంచులు మోస్తాడు అని అప్పలస్వామినీ తీసుకెళ్ళాడు. నువ్వు ఎలాగూ తప్పుతావు, నేను మస్కట్ వెళ్ళిపోతే మిగిలిన సంచులు ఇంటికి చేర్చాలి కదా, నువ్వే మీ అక్కకి కబురు చెప్పాలి కదా అని దారి పొడుగునా అతనికే బోధపరిచాడు. అతను ఆయ్ అన్నాడు.

పరీక్ష బొంబాయిలో ఒక రేకుల షెడ్డు వెనక పెరట్లో జరిగింది. కంపెనీ తరఫున వచ్చిన పెద్దమనిషి అందరికీ పలకలు, రంపం, సుత్తి, డబ్బాడు మేకులు ఇప్పించాడు. సిమెంటు స్తంభం పోయడానికి నాలుగు పలకల పెట్టె కట్టాలి, అన్నం వేళకి అయిపోవాలి అన్నాడు. ఏజంటు దాన్ని తెలుగులో చెప్పాడు. తాతకి అంతా అర్థమైంది. అర్థం కాక చేసిన తప్పు కాదు అది. సిమెంటు పోసే పెట్టె అని తెలుసు, తర్వాత ఊడదీసేదే అనీ తెలుసు. కాని అది రోజువారీ పనిలో సంగతి. ఇది పరీక్ష. పరీక్ష అన్నాక పనితనం చూపించాలి కదా.

మేకుల డబ్బా కాలితో పక్కకి నెట్టేశాడు. నేల మీద చతికిలబడి, పలకని పాదాల మధ్య ఇరికించి, అంచులు పళ్ళు పళ్ళుగా కోసి, ఒకదాని పళ్ళు ఇంకోదాని సందుల్లోకి దిగేశాడు. షెడ్డు మూల పడి ఉన్న వెదురు బద్ద చీల్చి చీలలు చేసుకున్నాడు. పక్కన అప్పలస్వామి మేకులు సగం దాకా కొట్టి, తలలు పైకి వదిలేసి, ఎప్పుడో పెట్టె నిలబెట్టేశాడు.

"బావగారూ, ఊడదీసేదే కదండీ, మేకులతో కానిచ్చేయండి" అని మెల్లిగా అన్నాడు.

"నీ పని నువ్వు చూసుకోరా" అన్నాడు తాత, తల ఎత్తకుండా.

పెద్దమనిషి ముందుగా అప్పలస్వామి దగ్గరికి వచ్చాడు. సుత్తి అందుకుని రెండు దెబ్బలు కొట్టాడు. నాలుగు పలకలూ నాలుగు దిక్కులకి పడ్డాయి. తాతకి నవ్వు ఆగలేదు. వీడి పని ఎప్పుడూ ఇంతే, ముట్టుకుంటే ఊడిపోతుంది అనుకున్నాడు. పెద్దమనిషి అప్పలస్వామి వీపు తట్టాడు. పాపం ఓదారుస్తున్నాడు అనుకున్నాడు తాత.

తర్వాత తాత పెట్టె వంతు వచ్చింది. పెద్దమనిషి సుత్తితో కొట్టాడు. పెట్టె టక్కుమంది గాని కదల్లేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. బూటుకాలితో తన్నాడు. పెట్టె దొర్లింది, విడవలేదు. ఇంకో ఇద్దర్ని పిలిచి చెరో పక్కా పట్టి లాగించాడు. అయినా అది ఏకశిలలాగా అలాగే ఉంది. తాత చేతులు కట్టుకుని, కొంచెం తల వంచుకుని, పొగడ్త కోసం వినయంగా నిలబడ్డాడు. పెద్దమనిషి కుంటుకుంటూ వెళ్ళి ఏజంటు చెవిలో ఏదో అన్నాడు. షెడ్డంతా నవ్వింది. తాత కూడా నవ్వాడు.

"ఏమన్నారండీ?" అని ఏజంటుని అడిగాడు.

"ఇందులో సిమెంటు పోస్తే స్తంభంతోపాటు పెట్టె కూడా ఇంటివాళ్ళకే ఉండిపోద్దంటున్నారండి. ఆచారిగారూ, మీరు ఇంటికెళ్ళండి."

తిరుగు ప్రయాణంలో తాతకి తోడు లేదు. సంచులు తనే మోసుకున్నాడు.

ఊళ్ళో అడిగినవాళ్ళకి ఆయన ఒకే మాట చెప్పాడు. నా పని చూసి దొర బెదిరిపోయాడు, ఇంత గట్టిపని మాకొద్దన్నాడు అన్నాడు. నిజానికి ఇందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందరూ ఆయ్, అలాగేనండి అని మర్యాదగా విని, సందు మలుపు తిరిగాక నవ్వుకున్నారు. అమ్మమ్మ సంగతి ఇంకా కష్టం. తమ్ముడు విమానం ఎక్కాడని ఆవిడకి ఉబ్బు. అది బయటపడితే మొగుడు అలుగుతాడు. అందుకని వంటింట్లో నవ్వుకుని, మొహం వేలాడేసుకుని వసారాలోకి వచ్చేది.

అక్కడి నుంచి మొదలైంది తాత కుళ్ళు. మామూలు కుళ్ళు కాదు. దానికి వేళాపాళా ఉండేది, తిండీ నిద్రా ఉండేవి, ఇంట్లో ఒక మనిషిలాగా పెరిగింది. మస్కట్ అనే మాట ఎవరన్నా అంటే అక్కడ నీళ్ళు ఉప్పన అనేవాడు. ఆయన చూశాడా పెట్టాడా. అప్పలస్వామి ఫోటో వస్తే, వెనకాల కొండలు చూసి ఒక్క చెట్టు లేదు, దరిద్రపు ఊరు అనేవాడు. ఆ ఫోటో మాత్రం అద్దం వెనక దోపి ఉండేది, గడ్డం గీసుకుంటూ రోజూ దాన్నే చూసేవాడు. ఆయనకి కావలసింది మస్కట్ కాదు. అప్పలస్వామి వెళ్ళిన చోటికి తనూ వెళ్ళాలి, తను వెళ్ళలేనివాడు కాదని అప్పలస్వామే ఒప్పుకోవాలి. ఆ సంగతి అమ్మమ్మకి తెలుసు, ఊరికి తెలుసు, చివరికి ఆయనకీ తెలుసు.

అప్పలస్వామి మొదటి సెలవుకి వచ్చినప్పుడు బావకి ఒక కొలత టేపు తెచ్చాడు. లాగితే ఇనప నాలుక పొడుగ్గా వస్తుంది, మీట నొక్కితే సర్రున లోపలికి పోతుంది. తాత దాన్ని చేత్తో కూడా పుచ్చుకోలేదు. అక్కడ పెట్టు అన్నాడు. చెక్క కొలబద్ద ఉండగా ఈ పిల్లలాట దేనికి అని అందరి ముందూ అన్నాడు. ఆ మధ్యాహ్నం అమ్మమ్మ పెరట్లోకి వెళితే చావిడి వెనక సర్రు, సర్రు అని చప్పుడు. తాత పీట మీద కూర్చుని టేపు లాగుతున్నాడు, వదులుతున్నాడు.

"పిల్లలాట బాగుందాండీ?" అంది అమ్మమ్మ.

"పాడైందేమోనని చూస్తున్నానే" అన్నాడు తాత.

తొంభైఆరు తుఫానుకి మా పక్క కొబ్బరిచెట్లూ పెంకుటిళ్ళూ ఒకే రోజు నేలకి ఒరిగాయి. తర్వాత ఇళ్ళు లేపినవాళ్ళెవరూ మళ్ళీ పెంకులు కప్పలేదు. అందరూ శ్లాబులే పోశారు. దూలాలు వద్దు, వాసాలు వద్దు. కిటికీలు ఇనుపవి, తలుపులు రాజమండ్రి నుంచి లారీలో తయారుగా వచ్చేవి. తాత కలప అడితీకి వెళ్ళి టేకు దుంగలు చూసి, ఏమీ కొనకుండా తిరిగి వచ్చే రోజులు వచ్చాయి. మరుసటి ఏడాది మలికిపురం రోడ్డు మీద అప్పలస్వామి మేడ లేచింది. అప్పటి నుంచి తాత మలికిపురం వెళ్ళాలంటే చేలగట్ల మీద చుట్టుతిరిగి వెళ్ళేవాడు. చుట్టుతిరిగి వెళ్ళేవాడికి ఆ మేడ మెట్లు కొంచెం ఎడమకి ఒరిగాయని ఎలా తెలిసిందో మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ మేడకి గుమ్మాలు మీరే పెట్టాలండీ బావగారూ అని అప్పలస్వామి సెలవులో వచ్చి అడిగాడు. తాత నడుము నొప్పన్నాడు. ఆ నొప్పి ఎక్కడా లేదు. ఇంకోసారి బతిమాలితే ఒప్పుకుందామని అరుగు మీద నడుం పట్టుకుని రెండు రోజులు కూర్చున్నాడు. అప్పలస్వామి నిజంగానే నొప్పి అనుకుని, మస్కట్ నుంచి తెచ్చిన పసుపు బామ్ సీసా పంపించి, తలుపులు రాజమండ్రిలో కొనేశాడు. రెండోసారి అడగలేదన్న కోపం తాతకి మొదటి కోపం కంటే ఎక్కువ కాలం ఉంది. బామ్ మాత్రం రాసుకున్నాడు.

ఈ ఏళ్ళల్లోనే మా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఇంకో పని జరిగింది. తాత చావిడి వెనక మేకులు కొట్టడం మొదలుపెట్టాడు. పాత పలకలు తెచ్చి, మేకు సగం దాకా దించి, తల పైకి వదిలి, పెట్టె కట్టేవాడు. ఒక్క దెబ్బకి ఊడిపడాలి. ఊడకపోతే తిట్టుకునేవాడు, ఊడితే ఇంకా ఎక్కువ తిట్టుకునేవాడు. అది చెయ్యికి అలవాటైపోయింది. అమ్మమ్మ కోళ్ళగూడు అడిగితే, ఏ ధ్యాసలో ఉన్నాడో, మేకులు సగమే దించి ఇచ్చాడు. మర్నాడు పుంజు ఎగిరి గూటి మీద వాలింది. నాలుగు గోడలూ నాలుగు పక్కలకి పడ్డాయి. అమ్మమ్మ కోళ్ళ వెనకా, తాత అమ్మమ్మ వెనకా వీధంతా పరిగెత్తారు. భద్రాచారి కట్టింది పుంజు వాలితే పడిపోయిందట అని ఊరు ఆశ్చర్యపోయింది. తాత మాత్రం ఆ రోజంతా లోపల్లోపల సంబరపడ్డాడు. ఒక్క తాకిడికి ఊడింది కదా.

రెండువేల ఒకటిలో అప్పలస్వామి ఫోర్‌మన్ అయి వచ్చాడు. వాళ్ళ కంపెనీ, మీ ఊరివాళ్ళనే కొందర్ని ఏరి తీసుకురా అని పంపిందట. మలికిపురంలో ఒక కొబ్బరి గోడౌనులో పీచు పక్కకి లాగించి పరీక్ష పెట్టాడు. పదిమంది కుర్రాళ్ళు వచ్చి వరసలో నిలబడ్డారు. ఐ.పోలవరం నుంచి కూడా వచ్చారు. తాత ఆ పొద్దున ఇంట్లో తలుపు బందులు కొనుక్కొస్తానని చెప్పి బయలుదేరాడు. బందుల కోసం వెళ్ళేవాడు ఉతికిన చొక్కా తొడుక్కుంటాడా అని అమ్మమ్మ అడగలేదు. చొక్కా ఇస్త్రీ చేసి దండెం మీద వేసింది ఆవిడే.

గోడౌను గుమ్మంలో తాత కనబడగానే అప్పలస్వామి ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచిపోయాడు.

"రండి బావగారూ, కూర్చోండి. అక్క కబురేమన్నా పంపిందాండీ?"

"పరీక్షకొచ్చాను" అన్నాడు తాత.

గోడౌనులో అందరి చేతులూ ఆగిపోయాయి. అక్కడున్న కుర్రాళ్ళలో సగం మందికి తాత పని చేసిన ఇళ్ళే సొంత ఇళ్ళు.

"మీకు పరీక్షేంటండీ? మీ పేరు నేను రాసేసుకుంటాను కదండీ" అన్నాడు అప్పలస్వామి.

మంచికే అన్నాడు. కాని తాతకి ఆ మాట ఉలి పిడితో వేళ్ళ మీద కొట్టినట్టు తగిలింది. వీడు రాసుకుంటేనా నేను వెళ్ళేది? జీవితాంతం వీడు, మా బావని నేనే తీసుకొచ్చాను అని చెప్పుకోడూ?

"నీ మొహమాటం మీద వెళ్ళడానికి నేనేమన్నా నీకు బావమరిదినట్రా? బావని. చెక్కలివ్వు."

చెక్కలిచ్చారు. తాత నేల మీద కూర్చోబోయి, ఆగి, బల్ల దగ్గర నిలబడ్డాడు. మేకుల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. అప్పలస్వామి మళ్ళీ కుర్చీలో కూర్చోలేదు. పరీక్ష పెట్టేవాడు, రాసేవాడు ఇద్దరూ నిలబడే ఉన్నారు. తాత మేకు మీద మేకు కొట్టాడు, తలలు పైకి వదిలాడు. మొహం మాత్రం పంటి నొప్పి వచ్చినవాడిలా పెట్టుకున్నాడు. కుర్రాళ్ళు తమ పెట్టెలు వదిలేసి ఆయన మొహం చూస్తున్నారు.

పెట్టె నిలబడింది. అప్పలస్వామి సుత్తి పట్టుకుని దాని ముందు నిలబడ్డాడు గాని చెయ్యి ఎత్తలేకపోయాడు. బావ కట్టిన పెట్టెని తను కొట్టి పడెయ్యడమా?

"కొట్టరా" అన్నాడు తాత.

"ఎలాగండీ..."

"కొట్టమంటున్నానా?"

అప్పలస్వామి కళ్ళు సగం మూసుకుని ఒక్కటి కొట్టాడు. పలకలు పీచు మీద మెత్తగా పడ్డాయి. చప్పుడు కూడా రాలేదు. ఇంతకంటే బాగా ఊడిపోయిన పెట్టె ఆ గోడౌనులో లేదు. తాత పలకల వైపు కాసేపు చూసి, గొంతు సవరించుకుని, నాది ముందు ఊడిందా, ఆ పోలవరం కుర్రాడిది ముందు ఊడిందా అని అడిగాడు. మీదేనండీ బావగారూ అన్నాడు అప్పలస్వామి. ఆ కుర్రాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. బొంబాయి నుంచి వచ్చాక తాత అంత హాయిగా ఊపిరి పీల్చుకోవడం అదే మొదలని అమ్మమ్మ చెబుతుంది. నడిరోడ్డు మీద నుంచి, ఆ మేడ ముందు నుంచే ఇంటికి వచ్చాడట, బందులు లేకుండా.

మస్కట్‌లో దిగాక తాతకి మొదట తెలిసింది, ఇన్నేళ్ళూ తను అన్నది నిజమేనని. నిజంగానే అక్కడ కొండల మీద చెట్టు లేదు. అన్నది నిజమైనందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. రెండోది, అక్కడ అప్పలస్వామిని అందరూ స్వామీ సాబ్ అంటారని. తనని భద్రా అంటారని. అప్పలస్వామికి తెల్లటోపీ, తనకి పసుపుటోపీ. అప్పలస్వామి హిందీలో తిడతాడు, మలయాళం వంటవాడితో మలయాళంలో బేరమాడతాడు, అరబ్బీలో ఎలా ఉన్నారని అడుగుతాడు. తాతకి తెలుగు ఒక్కటే వచ్చు, కూడా వచ్చిన కుర్రాళ్ళని వేరే చోట పనికి పంపేశారు గనక అందులోనూ మాట్లాడడానికి అప్పలస్వామే దిక్కు. పొద్దున్నే కూలీలందరూ బస్సులో వెళితే, అప్పలస్వామి కంపెనీ బండిలో డ్రైవరు పక్కన ముందు సీట్లో వెళ్ళేవాడు. ఆ బండిలో ఏసీ ఉండేది. ఎర్రదీపం దగ్గర బస్సూ బండీ పక్కపక్కన ఆగేవి. తాత కిటికీలోంచి కిందికి చూసేవాడు. అప్పలస్వామి అద్దం బిగించుకుని, ముచ్చెమట లేకుండా, తల వెనక్కి వాల్చి ఉండేవాడు.

పని మాత్రం తాతకి రావలసిన దానికంటే ఎక్కువే వచ్చింది. పెట్టె కట్టడం, తాపీవాళ్ళు సిమెంటు పోయడం, గట్టిపడ్డాక ఊడదీయడం. ఊడదీసిన పలకలకి నూనె పూసి మళ్ళీ ఇంకో పెట్టె కట్టడం. మొదటి నెలల్లో తాత, స్తంభం బయటపడ్డాక దాన్ని చేత్తో తడిమేవాడు. నున్నగా ఉండేది, మూల చెక్కుచెదరకుండా వచ్చేది. ఆ మూల తనది. కాని అది చూసి ఎవరూ ఇది భద్రాచారి చేసిన మూల అనరు. తన చేతి చెక్క పక్కన కుప్పలో పడి ఉంటుంది, మేకుల బెజ్జాలతో. అప్పలస్వామి ఆ కుప్పని బూటుతో పక్కకి తోసి, ఇంకో స్తంభం చూపించి వెళ్ళిపోయేవాడు. వీడికి ఇది ఏమీ అనిపించదు కాబోలు అని తాతకి దాని మీద కూడా కుళ్ళు పుట్టింది.

శుక్రవారం సెలవు. ఆ రోజు మధ్యాహ్నం అప్పలస్వామి తన గది వదిలి కూలీల గదికి వచ్చేవాడు, అక్క పెట్టి పంపిన మాగాయ కోసం. ఇద్దరూ నేల మీద పేపరు పరుచుకుని తినేవారు. ఒక శుక్రవారం ముద్ద కలుపుతూ అప్పలస్వామి ఉన్నట్టుండి అన్నాడు.

"మీకు నామీద కుళ్ళంటండీ బావగారూ. అక్క చెప్పింది."

తాత ముద్ద నోటి దగ్గర ఆగిపోయింది. "మీ అక్కకి వేరే పని లేదు" అన్నాడు.

"నాకూ మీమీద ఉందండి."

తాత తల ఎత్తాడు. వేళాకోళం చేస్తున్నాడేమోనని చూశాడు. అతను ముద్ద కలుపుతూనే ఉన్నాడు.

"సెలవుకొచ్చినప్పుడల్లా మీరు పెట్టిన గుమ్మాలన్నీ చూసుకుంటా తిరుగుతానండి. వరహాలమ్మగారి వీధి తలుపు దగ్గర అంతసేపు నిలబడితే, ఆవిడ మజ్జిగ తాగుతావా నాయనా అని అడిగేరు. ఆవిడ కోసం వచ్చేననుకున్నారండి. నేను తలుపు కోసం వచ్చేను. ఇక్కడికొచ్చి ఇన్నేళ్ళయింది, నా చేతుల మీదుగా ఎన్ని మేడలు లేచేయో నాకే గుర్తులేదు. నా చేతి చెక్క ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, దేంట్లోనూ లేదండి. రేపు నేను పోతే ఇది అప్పలసామి చేసిందని చూపించడానికి ఏముందండీ? మీకు ఊరంతా ఉంది."

మంచివాడైతే ఇక్కడ ఏదో ఒక మంచి మాట అనాలి. నీ కింద ఇంతమంది బతుకుతున్నారు కదరా అనో, ఆ మూలలన్నీ నీవే కదరా అనో. ఆ మాటలు తాత నాలుక దాకా వచ్చాయి. కాని వాటిని తోసుకుంటూ ఇంకోటి పైకి తన్నుకొచ్చింది. సంతోషం. ఎంత సంతోషమంటే మొహం మీద కనబడకుండా ఉండడానికి ఆయన దగ్గు తెచ్చుకోవలసి వచ్చింది. దగ్గీ దగ్గీ కళ్ళ నీళ్ళు వచ్చాయి. మాగాయ ఘాటేమోనని అప్పలస్వామి మంచినీళ్ళు అందించాడు. తాత నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, నీ చెయ్యి మొదట్నుంచీ అంత చెడ్డదేం కాదురా అన్నాడు. ఆయన జన్మలో బావమరిదిని పొగిడింది అది ఒక్కసారే. అప్పలస్వామి అది విని ఇంకో ముద్ద అన్నం పెట్టించుకున్నాడు.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఫోను లేదు. పక్కింటి కొబ్బరి వ్యాపారి ఇంటికి చేస్తే, వాళ్ళు అమ్మమ్మని పిలిచేవాళ్ళు. తాత మామూలుగా ఫోన్లో ఆరోగ్యం, వానలు, పిల్లల సంగతి అడిగి పెట్టేసేవాడు. ఆ శుక్రవారం సాయంత్రం మాత్రం అమ్మమ్మ అలో అనక ముందే మొదలుపెట్టాడు.

"సుందరం, మీ తమ్ముడికి నామీద కుళ్ళంట! నా తలుపుల మీద. వాడే చెప్పేడు, వాడి నోటితోనే. మజ్జిగ తాగకుండా నిలబడి చూశాడంట."

"పాపం, వాడికి అదేం బాధండీ" అంది అమ్మమ్మ. ఆవిడకి ఇద్దరి మీదా జాలేసింది. ఒకరికి ఒకరు చెప్పుకున్నారు కదా, ఇన్నేళ్ళ తంటా ఇక తీరినట్టే అనుకుంది. పక్కింటివాళ్ళు వింటున్నారని గొంతు తగ్గించి అడిగింది.

"మరి మీది తగ్గిందాండీ?"

లైను తెగిందేమోనని అమ్మమ్మ అలో, అలో అంది.

"ఆ బండిలో ముందు సీటు ఇద్దరికి సరిపోద్దే" అన్నాడు తాత. "వాడొక్కడే కూర్చుంటాడు."